రాక్ మ్యూజిక్ గట్టిగా వినడానికి స్పీకర్లు మార్చాను

పాత స్పీకర్లలో ఎడమ దాని ట్వీటర్, అంటే పెట్టెలో సన్నటి పై శబ్దాలిచ్చే చిన్న భాగం, పోయింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ లేరు, పక్కవాళ్ళు కూడా ఊళ్ళో లేరు, సరే అని వాల్యూమ్ నాబ్ మామూలుగా తిప్పేదానికంటే ఇంకాస్త తిప్పాను. గిటార్ సోలో మధ్యలో సన్నగా చిట్‌మన్నట్టు వినిపించింది, ఆ తర్వాత డ్రమ్ కిట్‌లో పళ్ళేల్లా ఉండే సింబల్స్ మోత అంతా కుడివైపుకే జరిగిపోయాయి. లేచి వెళ్ళి ముందున్న జాలీ ఊడదీసి చెవి ఆనించి విన్నాను. కింది శబ్దాలిచ్చే వూఫర్ పని చేస్తోంది కానీ ట్వీటర్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. కాలిన వార్నిష్ వాసన మాత్రం సన్నగా ముక్కుకి తగిలింది.

12 ఏళ్ళు విన్న స్పీకర్లవి. 5 అంగుళాల వూఫర్, అంగుళం ట్వీటర్, పుస్తకాల అరలో పట్టేంత పెట్టె. వాటిని ఒక్క మాట అనడానికి నాకు మనసు రాదు. ఒక గొంతు, ఒక పియానో, పక్కన ఒక అకూస్టిక్ గిటార్ ఉన్న పాటైతే పాడే మనిషి గదిలోనే కూర్చున్నట్టుండేది. కానీ నేను ఎక్కువగా వినేది రాక్. అది కూడా గట్టిగా వింటాను. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్ అన్నీ ఒకేసారి మొదలయ్యే చోట ఆ చిన్న పెట్టెలు ఎప్పుడూ తడబడేవి, గొంతు వెనక్కి పోయి గిటార్లు గరగరమని ముద్దలా కలిసిపోయేవి, నేను వాల్యూమ్ పెంచితే ముద్ద ఇంకా పెద్దదయ్యేది తప్ప లోపలున్నవేవీ విడివిడిగా వినిపించేవి కావు.

ట్వీటర్ ఎందుకు కాలిందో తెలుసుకోవడానికి నాకు కొంత టైమ్ పట్టింది. నా ఆంప్లిఫయర్ ఛానెల్‌కి 50 వాట్లది. స్పీకర్ వెనక 100 వాట్ల వరకూ అని రాసి ఉంది. 50 వాట్ల ఆంప్ 100 వాట్ల స్పీకర్ని ఏం చేస్తుందిలే అని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. చాలామంది ధైర్యం ఇదే. కానీ ఆ 100 వాట్లన్నది మొత్తం స్పీకర్‌కి చెప్పిన లెక్క, అందులో ట్వీటర్ వాటాకి మామూలు పాటలో వచ్చేది చాలా తక్కువ, దాని కాయిల్ వెంట్రుకంత సన్నని తీగ. ఆంప్ తన శక్తి దాటి ఇవ్వాల్సి వచ్చినప్పుడు సిగ్నల్ పైభాగాలు కత్తిరించినట్టు చదునైపోతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. అలా చదునైన సిగ్నల్లో సగటు పవర్ పెరుగుతుంది, పాటలో లేని పై ఫ్రీక్వెన్సీలు కూడా కొత్తగా పుడతాయి. అవన్నీ వెళ్ళి పడేది ట్వీటర్ మీదే. నేను వాల్యూమ్ పెంచిన ప్రతిసారీ వినిపించిన ఆ గరగర అదేనని అప్పుడు అర్థమైంది. అంటే ఏళ్ళ తరబడి స్పీకర్ మొత్తుకుంటూనే ఉంది.

మా ఫ్రెండ్ ఒకడు బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాడు. విషయం చెబితే, "ముందు నువ్వొచ్చి అసలు డ్రమ్స్ ఎలా ఉంటాయో విను, తర్వాత స్పీకర్లు చూద్దువుగాని" అన్నాడు. వాళ్ళు ప్రాక్టీస్ చేసే గదిలో కిట్‌కి రెండు మీటర్ల దూరంలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. కిక్ డ్రమ్ పెడల్ తొక్కినప్పుడల్లా నా ప్యాంటు మోకాలి కింద గాలి తగిలినట్టు కదిలింది. స్నేర్ అనే చిన్న డ్రమ్ని గట్టిగా కొట్టినప్పుడు కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. ఆ దూరంలో డ్రమ్ దెబ్బ శిఖరం 110 డెసిబెల్స్ దాటడం మామూలే, అందుకే వాడు చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకుంటాడు, నాకూ ఒక జత ఇచ్చాడు. నాకు బాగా గుర్తుండిపోయింది శబ్దం ఎంత పెద్దదన్నది కాదు, ఎంత త్వరగా వచ్చి ఎంత త్వరగా పోయిందన్నది. కొట్టాడు, వచ్చింది, అయిపోయింది. మధ్యలో ఉన్న నిశ్శబ్దం శుభ్రంగా ఉంది. అదే ప్రాక్టీస్‌ని వాడు రికార్డు చేసింది ఇంటికి తెచ్చి నా దగ్గరున్న పాత జతలో బాగున్న వైపు వేసి చూపించాను. వాడు కాసేపు విని, "నా స్నేర్ అట్టపెట్టె మీద కొట్టినట్టుందిరా" అన్నాడు. నిజంగానే అలాగే ఉంది.

అక్కడి నుంచి నేను వెతికింది ఒక్కదాని కోసమే. సగటు శబ్దం ఎంత పెద్దగా ఉన్నా, దాని మీద డ్రమ్ దెబ్బ పడ్డప్పుడు ఆ దెబ్బకి ఇంకా చోటు మిగిలి ఉండాలి. హెడ్‌రూమ్ అంటారు దీన్ని. నెల రోజులు చదివి, విని, లెక్కలు వేసుకున్నాక తేలింది ఏమిటంటే, గట్టిగా రాక్ వినేవాడు ముందు చూడాల్సింది ఆంప్ మీద రాసిన వాట్లు కాదు, స్పీకర్ సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందన్నదే ఆ అంకె.

లెక్క ఇక్కడ వేసి చూపిస్తాను, ఎందుకంటే నా నిర్ణయం మొత్తం దీని మీదే నిలబడింది. నా పాత స్పీకర్ సెన్సిటివిటీ 85 డీబీ, అంటే డెసిబెల్స్. నేను కూర్చునేది మూడు మీటర్ల దూరంలో, మామూలు గదిలో ఆ దూరానికి సుమారు 6 డీబీ పోతుందనుకోండి, రెండు స్పీకర్లు కలిసి మోగుతాయి కాబట్టి 3 డీబీ తిరిగి వస్తుంది. అంటే చెరో వాట్ ఇస్తే నా చెవి దగ్గర 82. నేను గట్టిగా వినేటప్పుడు సగటు 92 దాకా ఉంటోంది. పది డీబీ పెరగాలంటే పవర్ పది రెట్లు కావాలి కాబట్టి 10 వాట్లు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ బాగా రికార్డు చేసిన రాక్‌లో డ్రమ్ దెబ్బలు సగటు కంటే 15 డీబీ పైకి వెళ్ళగలవు. ఆ 15 డీబీకి ఇంకో 31.6 రెట్లు. అంటే రెప్పపాటు సేపైనా సరే 316 వాట్లు కావాలి, నా దగ్గరున్నది 50. మిగతా దెబ్బంతా తెగిపోయింది. అదే 96 డీబీ స్పీకర్ పెడితే? చెరో వాట్‌కి చెవి దగ్గర 93 వస్తుంది, సగటుకి ఒక వాట్ కూడా అక్కర్లేదు, శిఖరానికి 25 వాట్లు చాలు. అదే ఆంప్, అదే గది, అదే సోఫా. నాకు తెలిసిన వాళ్ళలో ముగ్గురు "ముందు ఆంప్ మార్చు, 200 వాట్లది తీసుకో" అన్నారు. 50 నుంచి 200కి వెళ్తే వచ్చేది 6 డీబీ. స్పీకర్ మారిస్తే 11 వస్తోంది. పైగా 200 వాట్లు ఆ 5 అంగుళాల వూఫర్లోకి పంపితే అది మోయలేదు.

ఎందుకు మోయలేదో కూడా చెప్పాలి. 88 డీబీ స్పీకర్ తనకిచ్చిన కరెంటులో అర శాతం కూడా శబ్దంగా మార్చదు, మిగిలిందంతా వేడి. ఆ వేడి పడేది వాయిస్ కాయిల్ మీద, అంటే స్పీకర్ని కదిలించే తీగచుట్ట మీద. రాగి తీగ 100 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 40 శాతం పెరుగుతుంది, నిరోధం పెరిగితే లోపలికి వెళ్ళే పవర్ తగ్గుతుంది. అంటే మీరు నాబ్ తిప్పుతున్నా శబ్దం ఆ మేరకు పెరగదు. పవర్ కంప్రెషన్ అనే మాట ఎక్కడైనా కనిపిస్తే దాని వెనకున్నది ఇదే. మొదటి పాట బాగా అనిపించి నాలుగో పాటకి చప్పబడినట్టుండేది నాకు, మూడ్ అనుకునేవాణ్ణి.

ఇక కోన్ సైజు, అంటే ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం పుట్టించే ఆ గరాటు లాంటి భాగం సైజు. ఒకే శబ్దం ఇవ్వడానికి ఫ్రీక్వెన్సీ సగానికి దిగితే కోన్ నాలుగు రెట్లు దూరం కదలాలి. బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్. గిటార్ కింది తీగ 82. కిక్ డ్రమ్ బరువు 60 నుంచి 100 మధ్య ఎక్కడో ఉంటుంది. ఈ పని అంతా 5 అంగుళాల కోన్‌కి అప్పజెబితే అది ముందుకీ వెనక్కీ కొట్టుకులాడుతుంది, అదే కోన్ మీద గొంతు కూడా స్వారీ చేస్తోంది కాబట్టి గొంతు వణుకుతుంది. 12 అంగుళాల కోన్ వైశాల్యం దానికి 5 రెట్ల పైనే. మెల్లగా ఊగితే సరిపోతుంది. కొత్త స్పీకర్ల మీద కిక్ డ్రమ్ దంచుతున్నప్పుడు దగ్గర నిలబడి చూశాను, కోన్ కదలిక కంటికి ఆనీ ఆననట్టుంది, దెబ్బ మాత్రం పొట్టలో తగులుతోంది.

రాక్ గిటార్ శబ్దం గురించి ఒక విషయం నాకు బాగా నచ్చింది. ఎలక్ట్రిక్ గిటార్ శబ్దం స్టేజి మీద పుట్టేదే 12 అంగుళాల పేపర్ కోన్ల నుంచి, నాలుగేసి కలిపిన పెట్టెల నుంచి. ఆ స్పీకర్లు 5 వేల హెర్ట్జ్ పైన దాదాపు ఏమీ ఇవ్వవు. కాబట్టి గిటార్ అసలు ప్రాణమంతా మధ్యలోనే ఉంది. ఆ పైన ట్వీటర్ ఎంత తళతళలాడినా గిటార్‌కి ఒరిగేదేమీ లేదు. చాలా స్పీకర్లు షోరూమ్‌లో మనల్ని ఆకట్టుకోవడానికి బేస్‌నీ పైభాగాన్నీ కొంచెం ఎత్తి మధ్యభాగాన్ని పల్లంలో పెడతాయి. ఐదు నిమిషాలు భలే ఉంటుంది. కానీ రాక్ ఉండేది ఆ పల్లంలోనే.

పాత డిజైన్లకి ఇంకా ఇంత అభిమానులు ఎందుకున్నారో కూడా దీంతో అర్థమైంది. పాల్ క్లిప్ష్ అనే అమెరికన్ ఇంజనీర్ 1946లో మూలకి ఆనించి పెట్టే పెద్ద హార్న్ (బాకా మూతి లాంటిది) స్పీకర్ మొదలుపెట్టినప్పుడు ఆంప్‌లు చిన్నవి, ఒక్కో వాట్‌నీ పొదుపుగా వాడుకోవాలి, అందుకే దాని సెన్సిటివిటీ 105 డీబీ. జేబీఎల్ కంపెనీ 4310 అనే, రికార్డింగ్ స్టూడియోల్లో వాడే స్పీకర్‌ని ఇళ్ళ కోసం మార్చి 1970లో ఎల్100 పేరుతో తెచ్చింది, 12 అంగుళాల వూఫర్, ముందు గళ్ళు గళ్ళుగా ఉండే ఫోమ్. ఇవేవీ కొనమని కాదు, పెద్ద కోన్, వెడల్పాటి పెట్టె అన్నవి పాతకాలపు మోజు కాదని చెప్పడానికి అంటున్నాను. తర్వాత్తర్వాత ఇళ్ళల్లో స్పీకర్ కనపడకుండా ఉండాలన్న కోరిక పెరిగి పెట్టెలు సన్నబడ్డాయి, ఆంప్‌లు పెద్దవయ్యాయి. మెల్లగా వినేవాళ్ళకి దానితో ఏ నష్టమూ లేదు.

వినడానికి వెళ్ళేటప్పుడు పాటలు నావే తీసుకెళ్ళాను. ఇది మాత్రం తప్పకుండా చేయండి. షోరూమ్ వాళ్ళు వేసేది ఎప్పుడూ ఒక ఆడగొంతు, ఒక గిటార్, చుట్టూ బోలెడంత ఖాళీ. దానికి ఏ స్పీకరైనా బాగానే ఉంటుంది. నేను మూడు పెట్టుకున్నాను: కిక్ డ్రమ్మూ బేస్ గిటారూ ఒకే దెబ్బ మీద కలిసి నడిచే పాట ఒకటి, రెండు గిటార్లు చెరోవైపు మోగుతుంటే మధ్యలో అరిచే గొంతున్న పాట ఒకటి, ఇక మూడోది రికార్డింగ్ బాగా లేకపోయినా నాకు ప్రాణమైన పాట. మూడోది చాలా ముఖ్యం, మనం రోజూ వినేవాటిలో సగం అలాంటివే కాబట్టి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి ప్రతి జతనీ ఒకే లెవెల్‌కి తెచ్చి విన్నాను. ఒక్క డీబీ ఎక్కువున్నా మన చెవి అదే బాగుందంటుంది. ఆ ఒక్క పని చేయకపోతే పోల్చడం దండగ.

మూడు జతలు గట్టిపోటీ ఇచ్చాయి. మొదటిది సన్నటి టవర్, ఆరున్నర అంగుళాల వూఫర్లు రెండు, సెన్సిటివిటీ 88 డీబీ. 80 డీబీ శబ్దంతో వింటే ముగ్గురిలో అదే అందగత్తె, గిటార్ తీగ మీద వేలు జరిగిన శబ్దం కూడా వినిపించింది. 92కి వెళ్ళేసరికి భుజాలు బిగుసుకున్నాయి నాకు. ఎక్కడ తప్పుందో వేలెత్తి చూపలేను, కానీ కోరస్ వచ్చినప్పుడల్లా ఎప్పుడైపోతుందా అనిపించింది, ఇష్టమైన పాట కోరస్ దగ్గర అలా అనిపించిందంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. రెండోది 12 అంగుళాల వూఫర్, మధ్య స్వరాలకి 5 అంగుళాల కోన్, 91 డీబీ. చాలా బాగుంది. నాకు రెండో ఇల్లుంటే దాన్ని అక్కడ పెట్టుకునేవాణ్ణి. మూడోది 12 అంగుళాల వూఫర్, పైన మధ్యభాగానికీ ట్వీటర్‌కీ హార్న్, 96 డీబీ. దీని మీద మా ఫ్రెండ్ ప్రాక్టీస్ రికార్డింగ్ వేశాను. స్నేర్ మొదటి దెబ్బకే నా కళ్ళు మూసుకున్నాయి. ఆ గదిలో మూసుకున్నట్టే.

దీంట్లో ఇబ్బంది లేదా అంటే ఉంది. వాల్యూమ్ కోసం మాస్టరింగ్‌లో, అంటే ఆల్బమ్‌కి చివరి మెరుగులు దిద్దేచోట, నొక్కి నొక్కి పెట్టిన కొన్ని ఆల్బమ్స్ దీని మీద కటువుగా ఉంటాయి, దెబ్బకి చోటు లేకుండా అన్నీ ఒకే ఎత్తులో ఉన్న రికార్డింగ్‌ని ఏ స్పీకరూ బాగు చేయలేదు, హార్న్ ఉన్నది ఉన్నట్టు మొహం మీదే చెప్పేస్తుంది. మూడో పాటతో చాలాసేపు కుస్తీ పట్టాను. స్పీకర్లని నా చెవులకి సూటిగా కాకుండా కొద్దిగా బయటకి తిప్పితే పైభాగం మెత్తబడింది, వినదగ్గట్టు అయింది. ఇంకో మాట, సెన్సిటివిటీ అంకెల్ని కంపెనీ కాగితం మీద ఉన్నట్టే నమ్మకండి. కొందరు గది గోడల సాయం కూడా కలిపి రాస్తారు. ఇంకొందరు ఒక వాట్ బదులు 2.83 వోల్టులకి రాస్తారు, 8 ఓమ్స్ నిరోధం ఉన్న స్పీకర్‌కైతే రెండూ ఒకటే, 4 ఓమ్స్ దానికి మాత్రం అది రెండు వాట్లు, అంటే 3 డీబీ ఊరికే కలిసొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే నాబ్ స్థానంలో, ఓమ్స్ ఒకటేగా ఉన్న రెండు స్పీకర్లు మార్చి మార్చి విని ఏది ఎంత గట్టిగా ఉందో చూసుకుంటే నిజం తెలిసిపోతుంది.

తీసుకుంది ఆ మూడో జతే, హార్న్ ఉన్నది. ఆంప్ పాతదే, 50 వాట్లది. ఇప్పుడు నాబ్ మునుపటి స్థానానికి సగం కూడా వెళ్ళడం లేదు.

ఒక హెచ్చరిక మాత్రం నిజంగా గుండెల మీద చెయ్యేసుకుని చెబుతున్నాను. శుభ్రంగా మోగే స్పీకర్ ఎంత గట్టిగా ఉందో చెవికి తెలియదు. పాత స్పీకర్లలో గరగర మొదలైతే అదే తగ్గించమని చెప్పేది, ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. మొదటి వారం ఒకరోజు మీటర్ చూస్తే సగటు 100 ఉంది, నాకు 90లా అనిపించింది. అమెరికాలో నియోష్ అనే సంస్థ పని చేసేచోట్ల కోసం చెప్పిన పరిమితి 85 డీబీకి 8 గంటలు, అక్కడి నుంచి ప్రతి 3 డీబీకి సమయం సగం. ఆ లెక్కన 94కి గంట, 100కి పావుగంటే. ఆరోజు నేను గంట పైనే కూర్చున్నాను, రాత్రి పడుకున్నాక చెవుల్లో గుయ్యిమంటూనే ఉంది, చాలా భయమేసింది. అప్పటి నుంచి మీటర్ సోఫా చెయ్యి మీదే ఉంటుంది, 92 దాటను, అది కూడా గంటన్నర లోపే, మధ్యలో లేచి తిరుగుతాను. చెవిలో పోయిన కణాలు మళ్ళీ పుట్టవు, ఈ పాటలు ఇంకో ముప్ఫై ఏళ్ళు వినాలి నాకు.

తెచ్చాక గదితో పేచీ మొదలైంది. మా గది పొడవు 5 మీటర్లు, అంత పొడవుకి 34 హెర్ట్జ్ దగ్గర ఒక అనునాదం నిలబడుతుంది, అంటే ఆ స్వరం గదిలో ఉబ్బిపోతుంది, దాని పక్కన వెడల్పుకి ఇంకొకటి. మొదట రెండు పెట్టెల్నీ మూలలకి నెట్టేసి పెడితే బేస్ అంతా బొయ్యిమని ఒకే స్వరంగా మోగింది, కిక్ డ్రమ్మూ బేస్ గిటారూ వేరు చేయడానికే లేదు, నిజంగా గుండె జారిపోయింది, తప్పు కొన్నానేమో అని టెన్షన్. మా తమ్ముడొచ్చి, "అన్నయ్యా, ముందు గోడ నుంచి లాగి చూద్దాం పట్టు" అన్నాడు. చెరోవైపు పట్టుకుని ఒక్కో జానెడు ముందుకి జరుపుతూ అదే పాట పదిసార్లు విన్నాం. పక్క గోడకి మీటర్, వెనక గోడకి రెండడుగులు వచ్చేసరికి బేస్ గిటార్ ఏ తీగ మీదుందో వినిపించింది. ఆ మధ్యాహ్నం ఆ ఒక్క రెండడుగులు తెచ్చిన తేడా, ఏ కేబుల్ మార్చినా రాదు. తర్వాత గది మధ్యలో చప్పట్లు కొట్టి చూశాం, ఖాళీ గోడల మధ్య టింగుమని ఎగిరింది. నేల మీద మందపాటి రగ్గు, ఎదురు గోడకి పుస్తకాల బీరువా, కిటికీకి బరువైన కర్టెన్. గట్టిగా వినేవాళ్ళకి ఇవి కూడా స్పీకర్లో భాగమే అనుకోండి.

ఇంకొకటి, రాత్రి పదకొండు దాటాక మెల్లగా వినాల్సి వచ్చినప్పుడు బేస్ పలచబడినట్టుంటుంది. అది స్పీకర్ లోపం కాదు. శబ్దం తగ్గేకొద్దీ కింది స్వరాలు మన చెవికి ఎక్కువగా తగ్గిపోతాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. పాత ఆంప్‌ల మీద బేస్ పెంచే లౌడ్‌నెస్ బటన్ ఉండేది అందుకే. నా ఆంప్‌కి అది ఉంది, ఇన్నేళ్ళూ వాడలేదు, ఇప్పుడు రాత్రిళ్ళు నొక్కుతున్నాను.

నిన్న ఒక పాటలో బేస్ వాయించేవాడు కింది తీగని ఖాళీగా వదిలిన ప్రతిసారీ కుడివైపు నుంచి సన్నగా జర్ర్‌మని వినిపించింది. వూఫర్ చిరిగిందేమోనని జాలీ తీసి, వేలితో కోన్ అంచు చుట్టూ తడిమి, టార్చ్ వేసి చూశాను. ఏమీ లేదు. మా తమ్ముడు పాట నడుస్తుండగానే గది అంతా తిరుగుతూ ఒక్కోదాని మీద అరచెయ్యి పెట్టుకుంటూ వచ్చాడు. బీరువా అద్దం తలుపు మీద చెయ్యి పెట్టగానే ఆగిపోయింది. అట్టముక్క మడిచి తలుపు సందులో దోపాం. ఇప్పుడా 41 హెర్ట్జ్ వచ్చినప్పుడు బీరువా మాట్లాడటం లేదు, కిటికీ చిలుకు మాట్లాడుతోంది. ఆదివారం దాని సంగతి చూడాలి.